32 పేజీల పుస్తకం, రెండు రివ్యూలు

గ్రేహాక్ అనే కల్పిత లోకం గురించిన ఆట పుస్తకానికి నేను రాసిన మొదటి రివ్యూ నాలుగు లైన్లు. పలచగా ఉందని, బొమ్మలు తక్కువని, ఊళ్ల పేర్లకు నోరు తిరగదని, మ్యాప్ మాత్రం బావుందని రాశాను. అప్పటికి దాంతో ఒక్క పూట కూడా ఆడలేదు. చదివి పక్కన పెట్టేశాను, అంతే.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్‌లో ఒకరు గేమ్ మాస్టర్‌గా కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర వేస్తారు, ఎటూ తేలనప్పుడు పాచికలు వేసి తేల్చుకుంటారు. కత్తి దూస్తే ఏమవుతుందో రూల్‌బుక్ చెబుతుంది. కత్తి దూసింది ఏ ఊళ్లో, ఆ ఊరు ఎవరి ఏలుబడిలో ఉంది, పక్క రాజ్యంతో తగువేమిటి, ఇవి చెప్పేది సెట్టింగ్ పుస్తకం. నా పిచ్చి ఈ రెండో రకం పుస్తకాలది, గ్రేహాక్ కూడా అలాంటిదే.

పాతవి కొనాలంటే సెకండ్ హ్యాండ్‌వే దిక్కు. నేను మొదట కొన్న పెద్ద సెట్ 1987 నాటి ఫర్‌గాటెన్ రెల్మ్స్ అనే సెట్టింగ్ బూడిద రంగు డబ్బా. అమ్మినాయన ‘అన్నీ ఉన్నాయి’ అన్నాడు, నమ్మాను. అసలు ‘అన్నీ’ అంటే ఎన్నో నాకే తెలియదు కదా! రెండు పుస్తకాలు, నాలుగు పెద్ద మ్యాప్‌లు, ఆ మ్యాప్‌ల మీద పరిచి దూరం కొలుచుకోవడానికి ఆరు మూలల గడులు గీసిన పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్లు రెండు ఉండాలి. నాకు వచ్చింది ఒకటే షీటు. వారం తర్వాత తెలిసింది, అప్పటికి అడిగే మొహం లేదు. ఇప్పుడైతే డబుల్ చెక్ చేస్తాను: డబ్బాలో ఏమేం ఉండాలో ముందే జాబితా రాసుకుని, డబ్బు పంపేముందు ఒక్కో కాగితానికీ ఫొటో అడుగుతాను. విసుక్కుంటారు, విసుక్కోనీ.

ఇంకో తప్పు పూర్తిగా నాదే. ఒక మ్యాప్ నాలుగు మడతలు కలిసేచోట చిరిగితే వెనకాల సెలోటేప్ అంటించాను. కొన్నేళ్లకు టేపు పచ్చబడి ఎండి రాలిపోయింది, దాని జిగురు మరక మాత్రం కాగితంలోకి ఇంకి ముందువైపు తేలింది. ఒక నగరం పేరు ఆ మరకలోనే ఉంది. అప్పటినుంచి అసలు మ్యాప్ బల్ల మీదికి రాదు, కలర్ జిరాక్స్ వస్తుంది.

రివ్యూల సంగతికొస్తే, చాలాకాలం నేను రాసినవి ఆడకుండా చదివి రాసిన రివ్యూలే. 1994లో వచ్చిన ప్లేన్‌స్కేప్ అనే సెట్టింగ్‌ను ఆకాశానికెత్తేశాను. చక్రం లోపలి అంచున కట్టిన సిజిల్ నగరం, ఏ గుమ్మం ఏ లోకంలోకి తెరుచుకుంటుందో తెలియని వీధులు, టోనీ డిటెర్లిజీ బొమ్మలు... ఎవరికి నచ్చదు? తీరా ఆటకు కూర్చున్నాక మావాళ్లు ఒకే ప్రశ్న అడిగారు: “సరే, మేమిక్కడ ఏం చెయ్యాలి?” నా దగ్గర జవాబు లేదు. నోట్లో నీళ్లు నమిలాను.

1991 నాటి డార్క్ సన్‌తో దీనికి పూర్తిగా వ్యతిరేకం జరిగింది. అది ఎడారి లోకం, లోహం దొరకడం గగనం, కత్తులు ఎముకతోనో నల్లగాజు రాయితోనో చేసుకుంటారు. చదివేటప్పుడు ఆ వివరం నాకు పెద్దగా ఆనలేదు. ఆటలో ఒక శవం దగ్గర ఇనప చాకు ఒకటి దొరికిందని చెప్పాను. మామూలు చాకు. అది ఎవరు ఉంచుకోవాలని ముప్పావుగంట గొడవపడ్డారు. ఆ లోకం ఎలాంటిదో నేను వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇక గ్రేహాక్. ఒకరోజు ఏమీ తయారుచేసుకోకుండా ఆటకు వెళ్లాల్సొచ్చి, పలచగా ఉంది కదా అని దాన్ని సంచిలో వేసుకున్నాను. 1980లో వచ్చిన ఆ పుస్తకం 32 పేజీలే, తోడుగా డార్లీన్ గీసిన రెండు మ్యాప్‌లు. “అక్కడికి ఎన్ని రోజుల ప్రయాణం?” అన్నారు మావాళ్లు. మ్యాప్ మీద గడికి 30 మైళ్లు, వేలితో లెక్కపెట్టి చెప్పేశాను. “దారిలో ఏ దేశాలొస్తాయి?” ఒక్కో దేశానికీ రాజు, రాజధాని, జనాభా, అక్కడ దొరికే సరుకులు, కాస్త చరిత్ర ఉన్నాయి. వెతకడానికి అర నిమిషం కూడా పట్టలేదు. పుస్తకం చెప్పనిది మేమే కల్పించుకున్నాం. ఐదో ఆటకల్లా నా జిరాక్స్ మ్యాప్ మీద ఒక నది రేవు పక్కన పెన్సిల్‌తో రాసిన పూటకూళ్ల ఇల్లు వెలిసింది. దానికి పేరు మూడో ఆటలో చచ్చిపోయిన మావాడి పాత్రది.

రెండో రివ్యూ రెండు పేజీలు వచ్చింది. మొదటిది చింపెయ్యలేదు, దాని కిందే ఇది అంటించాను. బొమ్మలు తక్కువన్న మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

అప్పటినుంచి కనీసం మూడుసార్లు ఆడందే ఏ సెట్టింగ్ మీదా కలం పెట్టడం లేదు. ఆడుతూ గమనించేది ముఖ్యంగా ఒకటే: అందరూ నా మొహంకేసి చూస్తుంటే, కావలసిన విషయం ఆ పుస్తకంలో ఎంతసేపటికి దొరికింది అని. వెనక ఇండెక్స్ లేని లావుపాటి పుస్తకాలు ఇక్కడే చతికిలబడతాయి. కథనం ఎంత బాగున్నా సరే.

ప్రస్తుతం బల్ల మీద ఉన్నది 2004 నాటి ఎబెరాన్. కొత్త సెట్టింగ్ కోసం పెట్టిన, 11,000కు పైగా ప్రతిపాదనలు వచ్చిన పోటీలో కీత్ బేకర్‌ది గెలిచి, ఇలా పుస్తకమైంది. మహాయుద్ధం ముగిసి రెండేళ్లే అయిన లోకం, అందులో మంత్రశక్తితో నడిచే మెరుపు రైళ్లు. మూడో ఆట కూడా అయిపోయింది కానీ, రైలెక్కిన ముగ్గురూ ఎవరినో అనుమానించి పెట్టె పెట్టె గాలిస్తున్నారు, ఎంత చెప్పినా దిగరు. యుద్ధంలో నాశనమైన దేశం గురించి నేను రాసి పెట్టుకున్న కాగితాలు అలాగే ఉన్నాయి, రివ్యూ కూడా.