ఎస్‌ఎస్‌డీ ఉన్న డెస్క్‌టాప్‌లో స్లీప్ మోడ్: ఇప్పటివరకు కుదిరిన అమరిక

ఇంటి డెస్క్‌టాప్‌లో పాత హార్డ్ డిస్క్ తీసివేసి 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (కదిలే భాగాలు లేకుండా ఫ్లాష్ చిప్‌లలో డేటా దాచే వేగవంతమైన డ్రైవ్) పెట్టిన తరువాత, స్లీప్ మోడ్‌ను నిశ్చింతగా వాడుకోవడానికి చేస్తున్న పనిని నమోదు చేస్తున్నాను. యంత్రంలో 16 జీబీ ర్యామ్, విండోస్ 11 ఉన్నాయి.

ముందుగా కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ /ఏ (powercfg /a) అని ఇచ్చి, ఏయే నిద్రావస్థలు అందుబాటులో ఉన్నాయో చూశాను. ఎస్3, అంటే మామూలు స్లీప్ స్థితి, ఉంది. ఈ స్థితిలో ర్యామ్‌కు మాత్రం కొద్దిగా కరెంటు అందుతూ ఉంటుంది, ఎస్‌ఎస్‌డీకి ఆగిపోతుంది. కాబట్టి డ్రైవ్‌కు సంబంధించినంత వరకు ప్రతి స్లీపూ ఒక షట్‌డౌనే. కరెంటు ఆపే ముందు విండోస్ ఆ సంగతి డ్రైవ్‌కు తెలియజేస్తే, కంట్రోలర్ (డ్రైవ్‌ను నడిపే చిప్) తన క్యాష్‌లో, అంటే తాత్కాలిక నిల్వలో, మిగిలిన డేటానూ, ఏ డేటా ఫ్లాష్‌లో ఎక్కడ ఉందో చెప్పే పట్టికనూ భద్రపరచుకుంటుంది. ఆ సూచన అందకుండానే కరెంటు పోతే, డ్రైవ్ తన స్మార్ట్ వివరాల్లో (తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే లెక్కల్లో) అన్‌సేఫ్ షట్‌డౌన్స్ అనే అంకెను ఒకటి పెంచుకుంటుంది.

నాకు అన్నిటికంటె నమ్మకమైన పరీక్ష ఆ అంకెను గమనించడమే. డ్రైవ్ వివరాలు చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో దానిని చూసి రాసుకుని, యంత్రాన్ని నిద్రపుచ్చి, లేపి, మళ్లీ చూడాలి. ఆ సాఫ్ట్‌వేర్ విలువలను మొదట హెక్సాడెసిమల్‌లో చూపుతుంది కనుక, ఫంక్షన్ మెనూలోని అడ్వాన్స్‌డ్ ఫీచర్‌లో రా వాల్యూస్‌ను దశాంశ పద్ధతికి మార్చుకుంటే పోల్చడం సులభం. నా యంత్రంలో అంకె కదలలేదు. స్లీప్ చేసిన ప్రతిసారీ అది పెరుగుతుంటే బయోస్‌ను (మదర్‌బోర్డులోని ప్రాథమిక సాఫ్ట్‌వేర్), ఎస్‌ఎస్‌డీ ఫర్మ్‌వేర్‌ను (డ్రైవ్‌లోని సొంత సాఫ్ట్‌వేర్) తాజా పరచి చూడాలి, అప్పటిదాకా షట్‌డౌన్ చేయడమే మేలు.

తరువాతి సమస్య కరెంటు కోత. ఎస్3లో ఉండగా కరెంటు పోతే, ఎస్‌ఎస్‌డీ అప్పటికే ఆగి ఉంటుంది కనుక దానికి ప్రమాదం తక్కువ, కాని ర్యామ్‌లో ఉన్న, సేవ్ చేయని పని పోతుంది. అందుకే పవర్ ఆప్షన్స్‌లో హైబ్రిడ్ స్లీప్‌ను ఆన్ చేశాను. నిద్రపోయే ముందే ర్యామ్ స్థితి హైబర్‌నేషన్ ఫైలుగా డ్రైవ్‌లో చేరుతుంది, కనుక కరెంటు పోయినా పని అక్కడి నుంచి తిరిగి వస్తుంది. అసలు జాగ్రత్త వహించవలసినవి ఆ రాత జరిగే కొన్ని క్షణాలే; పవర్ లైటు నిద్ర సంకేతం చూపకముందు గోడ స్విచ్ కట్టేయకూడదు. ఆ వ్యవధికి చిన్న యూపీఎస్ చాలు.

ఈ రాతల వల్ల ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందేమోనని చాలామంది భయపడతారు, అది అతిగా చెప్పే భయమని నా అభిప్రాయం. పూర్తి హైబర్‌నేషన్ ఫైలు సాధారణంగా ర్యామ్‌లో 40 శాతం, అంటే ఇక్కడ సుమారు 6.4 జీబీ. రోజుకు రెండుసార్లు మొత్తం ఫైలు రాసినా ఏడాదికి 4.7 టీబీ దాటదు. నా డ్రైవ్‌కు తయారీదారు చెప్పిన మొత్తం రాతల పరిమితి 300 టీబీ.

మూత తెరిచి ర్యామ్‌నో డ్రైవ్‌నో ముట్టుకోవాలంటే స్లీప్ సరిపోదు, పూర్తిగా షట్‌డౌన్ చేసి ప్లగ్ తీయాలి. ఇదే డ్రైవ్‌లో లినక్స్ కూడా పెట్టే ఆలోచన ఉంది. విండోస్ హైబర్‌నేషన్‌లో ఉండగా దాని పార్టిషన్‌లో లినక్స్ నుంచి రాస్తే ఫైళ్లు పాడవుతాయి కనుక, అంతకుముందే ఫాస్ట్ స్టార్టప్‌ను (షట్‌డౌన్ చేసినా విండోస్‌ను కొంత హైబర్‌నేషన్‌లోనే ఉంచే ఏర్పాటు) ఆపివేసి, లినక్స్‌లోకి వెళ్లవలసినప్పుడు విండోస్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేయడం అలవాటు చేసుకుంటాను.