విరిగిన ఫోర్కు, తిత్తి ఊదిన పిల్లాడు

ఆదివారం పొద్దున చంద్రగిరి దాకా సైకిళ్లు తొక్కి వచ్చే కుర్రాళ్లు తిరుపతిలో మా సైకిల్ రిపేరు షాపు ముందే ఆగి టీ తాగుతారు. జూలై వచ్చిందంటే వాళ్ల నోట సైకిల్ రేసర్ పొగాచర్ తప్ప ఇంకో పేరు రాదు. 2020, 2021, 2024, 2025, మొత్తం నాలుగు టూర్ డి ఫ్రాన్స్‌లు గెలిచాడు. ఫ్రాన్స్‌లో రోజుల తరబడి అంచెలంచెలుగా సాగే సైకిల్ పందెం అది. ఐదు గెలిచినవాళ్లు నలుగురే: ఆంక్టీల్, మెర్క్స్, ఇనో, ఇందురాయిన్. ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు గెలిచాడు కదా అని ఎవరైనా అంటే ఇక గొడవే. ఆ ఏడూ 2012లో లాగేసుకున్నారు, 1999 నుంచి 2005 దాకా విజేత గడి ఖాళీగా వదిలేశారు. 34 అంచెలు గెలిచిన మెర్క్స్ రికార్డును కావెండిష్ 2024లో 35వది గెలిచి దాటాడని ఇంకొకడు అందుకుంటాడు. టీ చల్లారిపోయినా లెక్కలు తెగవు.

స్పానరు పట్టి బతికేదాన్ని కాబట్టి నా లెక్క వేరు. దారిలో సైకిల్ చెడితే ఎవరు బాగు చేశారు? టూర్ చరిత్రలో నాకు కావలసింది ఇదే.

1903లో 'లోటో' అనే పత్రిక అమ్మకాలు పెంచుకోవడానికి ఈ పందెం పెట్టింది. 60 మంది బయల్దేరారు. ఆరే అంచెలు, కానీ మొత్తం 2,428 కిలోమీటర్లు. రాత్రుళ్లు కూడా తొక్కేవాళ్లు. పొగగొట్టాలు శుభ్రం చేసే పని చేసిన మోరిస్ గారాన్ గెలిచాడు, రెండోవాడి కంటే దాదాపు మూడు గంటల ముందు. అంత తేడాతో ఆ తర్వాత ఎవరూ గెలవలేదు. మరుసటి ఏడు కూడా అతనే మొదట వచ్చాడు. అయితే మోసాల మీద విచారణ జరిగి మొదటి నలుగురినీ కొట్టేశారు. ఐదో స్థానంలో ఉన్న 19 ఏళ్ల కోర్నేకు టైటిల్ దక్కింది.

పత్రిక ఎడిటర్ ఆంరీ దెగ్రాంజ్ మహా మొండి మనిషి. తొక్కేవాడు ఒంటరిగా నెగ్గాలి, సైకిల్‌కు ఏమైనా వాడే బాగు చేసుకోవాలి, ఇంకొకరు చెయ్యి వేయకూడదు అనేది ఆయన పట్టు. అందుకే పాత ఫొటోల్లో భుజాల మీద అడ్డంగా స్పేర్ టైర్లు వేసుకుని కనిపిస్తారు. ఆ పట్టుకు బలైనవాడు యూజేన్ క్రిస్తోఫ్.

1913. పిరెనీస్ పర్వతాల్లో టుర్మలే కనుమ. ఎత్తు 2,115 మీటర్లు, అంటే మన తిరుమలకు రెండింతలకు పైనే. గెలిచే ఊపులో ఉన్న క్రిస్తోఫ్‌కు దిగుడులో ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విరిగింది. సైకిల్ భుజానికెత్తుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి సెంట్ మారీ ద కాంపాన్ అనే పల్లెకు చేరాడు. అక్కడ కమ్మరి కొలిమి ఉంది. కమ్మరి ఎలా చేయాలో నోటితో చెప్పొచ్చు గానీ ఇనుము ముట్టకూడదు. కాపలాకు పందెం అధికారులు నిలబడ్డారు. క్రిస్తోఫే ఇనుము కాల్చి, సుత్తితో కొట్టి, అతికించుకున్నాడు. గంటల పని. తీరా మళ్లీ సైకిల్ ఎక్కేసరికి పెనాల్టీ వేశారు. ఎందుకంటే, ఒక చిన్న పిల్లాడు కొలిమి తిత్తి ఊదాడట! 

ఈ కథ మా నాయనకు చెప్పాను. ఒకప్పుడు గంటకింత అని అద్దె సైకిళ్లు తిప్పిన మనిషి, గ్యాస్ వెల్డింగ్ తెలిసినవాడు. కాసేపు ఆలోచించి, "ఒక చేతిలో పటకారు, ఒక చేతిలో సుత్తి. తిత్తి ఊదేదానికి మూడో చెయ్యి యాడుందమ్మా? ఆ అధికారికి పని తెలీదు" అన్నాడు. నేనూ అంతే అంటాను. ఆ ఏడు ఫిలిప్ తీస్ గెలిచాడు, క్రిస్తోఫ్‌కు ఏడో స్థానం.

అక్కడితో అయిపోలేదు. 1919లో మొదటిసారి, మొత్తం మీద ముందున్నవాడికి పసుపు జెర్సీ పెట్టారు ('లోటో'ను అచ్చేసేది పసుపు కాగితం మీద). దాన్ని మొట్టమొదట తొడుక్కున్నవాడు క్రిస్తోఫే. ఆఖరి అంచెకు ముందు అంచెలో, వలాన్సియెన్ ఊళ్లో, మళ్లీ ఫోర్కే విరిగింది! గంటకు పైగా పోయింది, మూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు. జనం ఊరుకోలేక పత్రికకు చందాలు పంపారు. అతను టూర్ ఒక్కసారీ గెలవలేదు. మా గోడ మీద ఫొటో పెట్టమంటే మాత్రం నేను పెట్టేది అతనిదే.

1934 నాటికి జట్టులో ఒకరి చక్రం ఇంకొకరికి ఇవ్వొచ్చు. 20 ఏళ్ల రెనే వియెట్టో తన ముందు చక్రం తీసి నాయకుడు మాన్యకు ఇచ్చేసి, గోడ మీద కూర్చుని ఏడ్చిన ఫొటో ఫ్రాన్స్ అంతా చూసింది. మర్నాడు మాన్య సైకిల్ మళ్లీ మొరాయిస్తే, వియెట్టో వెనక్కి తిరిగి కొండెక్కి వెళ్లి సాయం చేశాడు. మాన్య గెలిచాడు. నాకైతే ఆ టూర్ వియెట్టోదే.

గేర్ల సంగతి చెబితే కుర్రాళ్లు నమ్మరు. గేరు మార్చే డిరైలర్‌కు టూర్‌లో అనుమతి వచ్చింది 1937లో. అంతకు ముందు వెనక చక్రానికి రెండు వైపులా రెండు సైజుల పళ్ల చక్రాలు ఉండేవి. కొండ మొదలయ్యే చోట దిగి, చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకుని ఎక్కాలి. నేను బిగించే షిఫ్టర్ ఒక్క క్లిక్కు ఆలస్యమైతే వీళ్లు ముఖం మాడ్చుకుంటారు.

పనిముట్టు గెలిపించిన టూర్ అంటే నేను 1989 అంటాను. ఆఖరి రోజు 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరే గడియారంతో పోటీపడి తొక్కే అంచె. ముందున్న ఫిన్యోన్ కంటే లెమాండ్ 50 సెకన్లు వెనక ఉన్నాడు. మోచేతులు ఆన్చి ముందుకు వంగే హ్యాండిల్ వేసుకొచ్చి, ఫిన్యోన్‌ను 8 సెకన్లతో ఓడించాడు. టూర్‌లో అతి చిన్న తేడా అదే. ఫిన్యోన్‌కు కూర్చుంటే సలిపే పుండు ఉంది, కాబట్టి మొత్తం హ్యాండిల్ గొప్పే అనను. కానీ మామూలు హ్యాండిల్‌తో లెమాండ్ గెలిచేవాడంటే ఒప్పుకోను.

ఇప్పుడు జట్టు కార్ల నెత్తిన స్పేర్ సైకిళ్లు ఉంటాయి. చెడితే ఇంకొకటి దించుతారు. కార్బన్ ఫోర్కు చిట్లితే ఏ కొలిమీ అతికించలేదు. నాయన మాత్రం రాత్రి అంచె ముగిసేదాకా నాతో కూర్చుని చూస్తాడు, మెకానిక్కు కోసం. కదిలే కారు కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి, తొక్కుతున్నవాడి సైకిల్ సీటు దగ్గర అలెన్ కీ తిప్పుతుంటాడు చూడండి, ఆ మనిషి కోసం. సరిగ్గా పని జోరందుకునేసరికి కెమెరా ముందు గుంపు మీదికి తిప్పేస్తారు. ఇక నాయన తిట్లు మొదలు.