అభిశంసనా, మహాభియోగమా? అమెరికా అధ్యక్షుడి తొలగింపు వాదనను నేను మెయిన్స్‌కు చదివిన తీరు

తెలుగు మాధ్యమంలో సివిల్స్ మెయిన్స్‌కు సిద్ధమవుతున్న మిత్రులకు నమస్కారం. జనరల్ స్టడీస్ (జీఎస్) రెండో పేపర్‌లో భారత రాజ్యాంగ వ్యవస్థను ఇతర దేశాల వ్యవస్థలతో పోల్చే అంశం ఉన్న సంగతి మీకు తెలుసు. అందులో ఒక చిన్న భాగం నా చేత నెలల తరబడి చదివించింది. పదవిలో ఉన్న అధ్యక్షుడిపై అభియోగం మోపాలా వద్దా అని అమెరికాలో రెండు పార్టీల మధ్య సాగిన వాదనే అది. నేను అందులో చేసిన తప్పు తెలుగులో చదివేవారు సులభంగా చేయగలిగినది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఒక టెస్ట్ సిరీస్‌లో నేను "1998లో క్లింటన్‌పై అభిశంసన వీగిపోయింది" అని రాశాను. జవాబు పత్రం దిద్దినవారు ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన "ఏ సభలో?" అని రెండే మాటలు రాశారు. పదిహేను మార్కుల ప్రశ్నకు నాలుగున్నర వచ్చాయి. ఆ రాత్రి కూర్చుని మళ్లీ మొదటి నుంచి చదివితే తప్పు ఎక్కడుందో అర్థమైంది. 1998 డిసెంబర్ 19న ప్రతినిధుల సభలో తీర్మానం వీగిపోలేదు, నెగ్గింది. అబద్ధపు సాక్ష్యం అభియోగానికి అనుకూలంగా 228, వ్యతిరేకంగా 206 ఓట్లు వచ్చాయి. న్యాయ ప్రక్రియను అడ్డుకున్నారన్న అభియోగం 221-212తో నెగ్గింది. వీగిపోయింది 1999 ఫిబ్రవరి 12న, సెనేట్‌లో. అక్కడ మొదటి అభియోగానికి 45, రెండో దానికి 50 ఓట్లే పడ్డాయి. హాజరైన సభ్యుల్లో మూడింట రెండు వంతుల మద్దతు ఉంటే తప్ప సెనేట్ అధ్యక్షుడిని తొలగించలేదు. మన కోర్టుల భాషలో చెప్పాలంటే ప్రతినిధుల సభ చేసేది చార్జిషీట్ దాఖలు చేయడం, సెనేట్ చేసేది తీర్పు చెప్పడం. చార్జిషీటుకు సాధారణ మెజారిటీ చాలు కాబట్టి ఆ సభలో పైచేయి ఉన్న పార్టీ ఒంటరిగానైనా అక్కడిదాకా వెళ్లగలదు. తీర్పు దగ్గరికి వచ్చేసరికి ఎదుటి పార్టీ వారిలో కొందరు కలిసిరావలసిందే. రెండు పార్టీల వాదన అంతా ఈ రెండు మెట్ల మధ్య ఉన్న దూరంలోనే నడుస్తుంది.

అసలు ఇబ్బంది మన మాటల్లో ఉంది. పత్రికలు ట్రంప్‌పై, క్లింటన్‌పై "అభిశంసన" అని రాస్తాయి. మన పాలిటీ పుస్తకాలు రాష్ట్రపతి తొలగింపుకు సంబంధించిన 61వ అధికరణ గురించి చెప్పేటప్పుడు "మహాభియోగ తీర్మానం" (ఇంపీచ్‌మెంట్) అంటాయి, పార్లమెంటులో మంత్రుల తీరును తప్పుబట్టే తీర్మానాన్ని "అభిశంసన తీర్మానం" అంటాయి. ఇది కేవలం పదాల పేచీ అని మీరు అనుకోవచ్చు. 1998 చర్చను గమనిస్తే అలా అనుకోలేము. క్లింటన్ చేసింది తప్పేనని డెమొక్రాట్లలో చాలామంది ఒప్పుకున్నారు. ఆ తప్పును ఖండిస్తూ సభ ఒక అభిశంసన తీర్మానం చేస్తే చాలునని, పదవి నుంచి తొలగించేంత నేరం కాదని వారి వాదన. ప్రమాణం చేసి అబద్ధమాడినవారిని మందలించి వదిలేస్తే చట్టం ముందు అందరూ సమానమన్న మాటకు విలువ ఉండదని రిపబ్లికన్ల వాదన. అంటే ఆ రోజు పోటీ అభిశంసనకూ మహాభియోగానికీ మధ్యనే జరిగింది. రెండింటికీ ఒకే మాట వాడితే ఆ వాదన మొత్తం మన జవాబులోంచి మాయమవుతుంది. 1834లో సెనేట్ అప్పటి అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌ను అభిశంసించి, 1837లో ఆ తీర్మానాన్ని రికార్డుల నుంచి కొట్టివేసిందన్న విషయం కూడా ఈ తేడా తెలిసినప్పుడే అర్థవంతమవుతుంది. అప్పటి నుంచి నేను మహాభియోగం అనే మాటనే వాడుతున్నాను. మొదటిసారి రాసేటప్పుడు "పత్రికల్లో అభిశంసనగా వ్యవహరించే" అని చేరుస్తాను.

ఇక వాదన సంగతి. చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయంలో నా పక్కన కూర్చుని చదివే మిత్రుడు, నేను కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నాం. సాయంత్రం టీకి బయటకు వచ్చినప్పుడు ఒకరం మహాభియోగం మోపాలని, మరొకరం వద్దని పదేసి నిమిషాలు వాదించేవాళ్లం. మరుసటి రోజు పక్షాలు మార్చుకునేవాళ్లం. ఎదుటి పక్షం మనిషి విని "అవును, మేము చెప్పదలచుకున్నది ఇదే" అనేలా వాదించాలన్నది మా నియమం. నాకు ఇది ఎంత కష్టమైందో చెప్పలేను. ట్రంప్ గురించి మాట్లాడేటప్పుడు నాకు ముందే ఒక అభిప్రాయం ఉండేది, జవాబులో అది తెలియకుండానే ఒలికేది.

ఆ దశలో నాకు ఎంతో మేలు చేసినవి ఇద్దరు సభ్యుల ప్రస్థానాలు. 1998లో డెమొక్రాట్ అయిన జెరాల్డ్ నాడ్లర్, ఒక పార్టీ బలపరచి మరో పార్టీ చాలావరకు వ్యతిరేకించే మహాభియోగం ఎన్నడూ జరగకూడదని సభలో గట్టిగా వాదించారు. 2019లో ట్రంప్‌పై అభియోగాలను ఆమోదించిన ప్రతినిధుల సభ జ్యుడీషియరీ (న్యాయ వ్యవహారాల) కమిటీకి ఆయనే అధ్యక్షుడు. క్లింటన్‌పై సెనేట్‌లో అభియోగాలు వినిపించిన రిపబ్లికన్ బృందంలో లిండ్సే గ్రాహమ్ ఒకరు. 2020లో ఆయన సెనేటర్‌గా ట్రంప్ పక్షాన నిలిచారు. వీరిని అవకాశవాదులని ఒక్క మాటలో తీసిపారేయడం తేలికే గానీ, జవాబుకు అది పనికిరాదు. నేరాల స్వభావం వేరని వారిద్దరూ చెప్పుకోగలరు, ఆ మాటలో కొంత నిజమూ ఉంది. అమెరికా రాజ్యాంగం రెండో అధికరణలో దేశద్రోహం, లంచగొండితనం అని రెండింటి పేర్లు చెప్పి, ఆపైన ఇతర ఘోర నేరాలు, దుష్ప్రవర్తనలు అని మాత్రమే అన్నది. ఆ చివరి మాటలకు నిర్వచనం లేదు. మెజారిటీ సభ్యులు ఏది అనుకుంటే అదే మహాభియోగానికి తగిన నేరమని 1970లో ప్రతినిధుల సభలో రిపబ్లికన్ నాయకుడు జెరాల్డ్ ఫోర్డ్ అన్నారు. పార్టీల పోరుకు తలుపు తెరిచింది ఈ ఖాళీయే.

ఓట్ల సంఖ్యను కంఠస్థం చేయడం కన్నా, సొంత పార్టీని కాదని ఎందరు ఓటు వేశారో రాసుకోవడం మేలు. నా నోట్స్‌లో ఆ వరుస ఒక్కటే ఎర్ర సిరాతో ఉంటుంది. 1868లో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌ను తొలగించాలని సెనేట్‌లో 35, వద్దని 19 ఓట్లు వచ్చాయి, మూడింట రెండు వంతులకు ఒక్క ఓటు తక్కువై ఆయన గట్టెక్కారు. ఏడుగురు రిపబ్లికన్లు తమ పార్టీ మాట కాదన్నారు. 1974 జూలై 27న నిక్సన్‌పై తొలి అభియోగాన్ని జ్యుడీషియరీ కమిటీ 27-11తో ఆమోదించినప్పుడు ఆరుగురు రిపబ్లికన్లు అనుకూలంగా నిలిచారు. ఆగస్టు 7న సెనేటర్ బ్యారీ గోల్డ్‌వాటర్‌తో సహా సొంత పార్టీ నాయకులే వెళ్లి సెనేట్‌లో బలం లేదని చెప్పారు. ప్రతినిధుల సభ పూర్తి స్థాయిలో ఓటు వేయకముందే, ఆగస్టు 9న ఆయన రాజీనామా చేశారు. కాబట్టి నిక్సన్‌పై మహాభియోగం జరిగిందని రాయకండి. 2019 డిసెంబర్‌లో ట్రంప్‌పై ఓటు జరిగినప్పుడు ప్రతినిధుల సభలో ఒక్క రిపబ్లికన్ కూడా అనుకూలంగా ఓటు వేయలేదు. సెనేట్‌లో మిట్ రామ్నీ ఒక్కరే, అదీ ఒక అభియోగానికే వేశారు. 2021లో ట్రంప్‌పైనే రెండోసారి ఓటు జరిగినప్పుడు ప్రతినిధుల సభలో పదిమంది, సెనేట్‌లో ఏడుగురు రిపబ్లికన్లు గీత దాటారు. 57-43 వచ్చినా కావలసిన 67కు చేరలేదు. దోషమా నిర్దోషమా అన్నదానికన్నా పార్టీల బలాబలాలే తీర్పును నడిపే ప్రమాదం ఉందని అమెరికా రాజ్యాంగ రూపకర్తల్లో ఒకరైన అలెగ్జాండర్ హామిల్టన్ 1788లోనే హెచ్చరించారు. ఈ ఎర్ర వరుస పక్కన పెట్టి చదివితే ఆ హెచ్చరిక బరువు తెలుస్తుంది.

నేను చాలా ఆలస్యంగా గుర్తించిన విషయం ఒకటుంది. వాదన నేరం జరిగిందా అన్న ప్రశ్నతో ముగియదు. సెనేట్‌లో ఓడిపోతామని తెలిసి కూడా మొదలుపెట్టాలా అన్నది మరో ప్రశ్న. దేశాన్ని ఇంతగా చీల్చే పని కాబట్టి బలమైన ఆధారాలు, రెండు పార్టీల మద్దతు ఉంటే తప్ప వద్దని 2019 మార్చిలో స్పీకర్ నాన్సీ పెలోసీయే అన్నారు. ఎన్నికల్లో ప్రత్యర్థి కాగల జో బైడెన్‌పై దర్యాప్తు చేయించమని ఉక్రెయిన్ అధ్యక్షుడిని జూలై 25న ట్రంప్ కోరిన ఫోన్ సంభాషణ బయటపడ్డాక ఆమె నిర్ణయం మారింది. ఏడాదిలో ఎన్నికలున్నాయి, తీర్పు ప్రజలకే వదలమని రిపబ్లికన్లు అన్నారు. ఆరోపణ ఆ ఎన్నికలను ప్రభావితం చేయడం గురించే కాబట్టి ఎన్నికలకు వదలడం కుదరదని డెమొక్రాట్లు అన్నారు. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన రాస్తే జవాబుకు ప్రాణం వస్తుంది.

మన వైపు పోలికలో 61వ అధికరణ గురించి అందరూ రాసేదే రాయండి గానీ, రెండు తేడాలు వదలకండి. మన దగ్గర కారణం రాజ్యాంగ ఉల్లంఘన ఒక్కటే. మూడింట రెండు వంతులన్నది హాజరైనవారిలో కాదు, మొత్తం సభ్యుల్లో, అదీ రెండు సభల్లోనూ. ఇంతవరకు ఏ రాష్ట్రపతిపైనా ఇది జరగలేదు కాబట్టి పార్టీల ప్రభావానికి ఉదాహరణ కావాలంటే న్యాయమూర్తుల వైపు చూడాలి. 1993 మే నెలలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ వి. రామస్వామి తొలగింపు తీర్మానానికి లోక్‌సభలో 196 ఓట్లు అనుకూలంగా వచ్చాయి, వ్యతిరేకంగా ఒక్కటీ రాలేదు. అధికార కాంగ్రెస్ సభ్యులు సహా 205 మంది ఓటు వేయకపోవడంతో తీర్మానం వీగిపోయింది.

ప్రస్తుతం మేమిద్దరం దక్షిణ కొరియాపై వాదిస్తున్నాం. అక్కడ పార్లమెంటు అభియోగం మోపుతుంది, తొలగించాలా వద్దా అన్నది రాజ్యాంగ న్యాయస్థానం తేలుస్తుంది. 2004లో అధ్యక్షుడు రో మూ-హ్యున్‌పై పార్లమెంటు 193-2తో తీర్మానం చేసినా న్యాయస్థానం దాన్ని కొట్టివేసి ఆయనను తిరిగి పదవిలో కూర్చోబెట్టింది. మరో అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ విషయంలో 2024 డిసెంబర్ 7న అధికార పార్టీ సభ్యులు సభ నుంచి వెళ్లిపోవడంతో తగినన్ని ఓట్లు లేక తీర్మానం ఆగింది. వారం తర్వాత 204 ఓట్లతో నెగ్గింది. 2025 ఏప్రిల్ 4న న్యాయస్థానం ఏకగ్రీవంగా తొలగింపును ఖాయం చేసింది. చివరి మాట సెనేట్‌కు బదులు న్యాయమూర్తుల చేతిలో ఉంటే పార్టీల పట్టు సడలుతుందా, లేక ఆ పోరు న్యాయమూర్తుల నియామకాల్లోకి చేరుతుందా అన్నది ఈ వారం మా ప్రశ్న. రేపు సడలుతుందని వాదించవలసింది నేను.