మూరకో మిల్లీమీటరు: మా ఇంట్లో నోవహు ఓడ కట్టిన వారం

సోమవారం
మాది ఒడిశాలోని రాయగడ. పిల్లలకి బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. ఈ ఆదివారం సండే స్కూల్లో బైబిల్లోని నోవహు కథ, అదే జలప్రళయం నుంచి ఓడలో తప్పించుకున్న కుటుంబం కథ, చెప్పే వంతు నాది. బొమ్మలు చూపించి చెబితే పావుగంటలో అయిపోతుంది, మర్నాటికి మర్చిపోతారు. అందుకే ఈసారి ఓడే కట్టి చూపిద్దామనుకున్నాను. రాత్రి ప్రార్థన అయ్యాక ఆదికాండం 6వ అధ్యాయం తీసి పెద్దమ్మాయి చేత చదివించాను. దానికి తొమ్మిదేళ్లు. తెలుగు అక్షరాలు నానమ్మ దగ్గర నేర్చుకుంది, కూడబలుక్కుని చదువుతుంది. పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30 అని చదివి, "మూరంటే పూల మూరేనా అమ్మా?" అంది. అదేనని చెప్పి, దాని మోచేతి నుంచి వేలి కొసదాకా కొలిచి చూపించాను. "ఒడియాలో హాత అంటారే, అదే" అన్నారు మా అత్తయ్య. ఇక పిల్లలిద్దరూ గోడలు, మంచం, మేక అన్నీ మూరల్లో కొలవడం మొదలుపెట్టారు.

మంగళవారం
మూర అంటే సుమారు అడుగున్నర. ఆ లెక్కన ఓడ పొడవు 450 అడుగులు. మూరకో మిల్లీమీటరు అనుకుంటే 30 సెంటీమీటర్ల పొడవు, 5 వెడల్పు, 3 ఎత్తు వస్తుంది. అమ్మాయి స్కూలు స్కేలు సరిగ్గా 30 సెంటీమీటర్లే! స్కేలు చేత్తో పట్టుకుని "ఓడ ఇదే" అని ఇల్లంతా తిరిగింది.

చీర డబ్బా మూత నుంచి 36 బై 11 సెంటీమీటర్ల ముక్క కోశాను. నాలుగు వైపులా 3 సెంటీమీటర్లు వదిలి గీత గీసి, మడిచి, మూలలు కత్తిరించి తెల్ల గమ్ముతో అంటించాం. లోపల సెంటీమీటరుకో అట్ట పెడితే మూడు అంతస్తులు. అవి అప్పుడే అంటించకూడదు, విడిగా ఉంచాలి. పక్కన తలుపు గీత మాత్రం గీశాను, కోయలేదు.

ఈ కొలతలో మనిషి నువ్వుగింజ కంటే కాస్త పొడవు. ఏనుగు బియ్యపు గింజను నిలబెట్టినంత. నోవహు, భార్య, ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్లు కలిపి ఎనిమిది నువ్వులు లెక్కపెట్టి చిన్నోడు తన అరచేతిలో పెట్టుకున్నాడు. చాలాసేపు గుప్పిట విప్పలేదు.

బుధవారం
చిన్నోడికి జ్వరం. ఏమీ చేయలేదు. సాయంత్రానికి తగ్గింది, దేవునికి స్తోత్రం.

గురువారం
ఓడకి లోపల, బయట కీలు పూయాలని వాక్యం. "మోకాలి కీలా?" అన్నాడు చిన్నోడు. కాదురా, రోడ్డు మీద వేసే తారులాంటిది అని చెప్పాను. తారుకి బదులు మాకు కొవ్వొత్తులే. నాలుగు ముక్కలు చేసి, స్టీలు గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాలి. నేరుగా మంట మీద పెట్టొద్దు, పిల్లల్ని పొయ్యి దగ్గరికి రానివ్వొద్దు. పాత బ్రష్షుతో బయటంతా పూసి, ఆరాక టబ్బులో వదిలాను. పది నిమిషాల్లో మూలలు మెత్తబడి నీళ్లు లోపలికి వచ్చేశాయి. గమ్ము కరిగిపోయింది.

పెద్దమ్మాయే బైబిలు తెచ్చి ఆ వచనం మీద వేలు పెట్టింది: "అమ్మా, లోపట కూడా అని ఉంది కదా." నిజమే, లోపల పూయలేదు. చదివించింది నేను, విన్నది అది.

శుక్రవారం
కొత్త పెట్టె కట్టాం. ఈసారి లోపలి మూలల్లో ముందు మైనం పోసి, తర్వాత బయట రెండు పూతలు పూశాం. తేలింది గానీ ఒక పక్కకి ఒరిగింది. అడుగు అంతస్తులో 200 గ్రాముల పొడి ఇసుక సమంగా పరిచాక సగం దాకా మునిగి నిలబడింది. మిగతా అంతస్తులు ఆ పైన అమర్చాం. అరగంటైనా చుక్క నీరు రాలేదు.

రాత్రి పడుకోబోతూ చిన్నోడు అడిగాడు: "ఓడ ఎక్కని పిల్లలు ఏమయ్యారు?"

మా ఇంట్లో వరద ఉత్త కథ కాదు. 2017 జూలైలో తేరువలి దగ్గర రైలు వంతెన కొట్టుకుపోయినప్పుడు మావారు రెండు రోజులు ఇంటికి రాలేకపోయారు. ఆ రాత్రులు నేను ఎలా గడిపానో నాకే తెలుసు. కాబట్టి వాడికి కథ చివర్లో వచ్చే పావురం, హరివిల్లు చెప్పి మాట మార్చబుద్ధి కాలేదు. 6వ అధ్యాయంలోనే ఉన్న మాట చెప్పాను, దేవుడు తన హృదయంలో నొచ్చుకున్నాడని. "దేవుడు ఏడ్చాడా?" అన్నాడు. నొచ్చుకోవడమంటే అదే నాన్నా అన్నాను. నా చెయ్యి పట్టుకునే నిద్రపోయాడు. ఆదివారం ఈ మాట వదలకుండా చెప్పాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. చిన్నపిల్లలకి ఈ కథలో బాధ దాచకూడదనే నా అభిప్రాయం. వాళ్లు ముందే గమనిస్తారు.

ఆదివారం
ఏడుగురు పిల్లలు వచ్చారు. ఒక ఒడియా పాప ఓడని చూసి "డొంగా! డొంగా!" అంది. మావాడు దొంగ అనుకుని గట్టిగా తల ఊపాడు, కాదని చెప్పడానికి. పడవకి ఒడియాలో అదే మాటని అక్క చెప్పింది. ఎనిమిది నువ్వుల్ని ఒక్కొక్కరి చేత ఎక్కించాం. నీళ్లు తగ్గాయో లేదో చూడ్డానికి నోవహు వదిలిన కాకిని, పావురాన్ని కాగితంతో చేశాను. పావురం మొదట ఊరికే తిరిగి రావడం, రెండోసారి ఒలీవ ఆకు తేవడం, మూడోసారి రాకపోవడం, అన్నీ వాళ్లే చేసి చూపించారు. రెండోసారికి ఒలీవ ఆకుకి బదులు కరివేపాకు పెట్టాం.

గిన్నెలో మైనం ఇంకా రెండు కొవ్వొత్తులంత మిగిలింది, పారేయలేదు. వచ్చే వారం పసివాడు మోషేని నదిలో ఉంచిన జమ్ముపెట్టె కథ. దానికీ కీలు పూయాలి.