ఒక మువ్వ తక్కువ

రాత్రి పదకొండు దాటింది. బయట వాన. ఇవాళ జరిగింది రాసుకుంటే గానీ నిద్ర పట్టేలా లేదు.

అమ్మానాన్నలు పనికెళ్తే పసిపిల్లల్ని పగలంతా చూసుకునే క్రెష్ మాది. బోనాలకని పుట్టింటికెళ్ళిన రెండో ఆయా ఇవాళ కూడా రాలేదు. వాన పడితే నిజాంపేట రోడ్డు సంగతి తెలిసిందేగా, తల్లిదండ్రులంతా ఒక్కసారే తొమ్మిదింటికి దిగారు. గుమ్మం దగ్గర ఒక్కో బిడ్డనీ చూసి లోపలికి తీసుకోవడం నా పని. ఒళ్ళు వేడిగా ఉందా, అరచేతుల్లోనో నోట్లోనో పొక్కులున్నాయా (ఈ కాలంలో ఒకరికొస్తే గదంతా పాకుతుంది), దిష్టికని చొక్కాకి పిన్నీసు పెట్టారా, మెడలో తాయెత్తు తాడుందా. పిన్నీసైతే తీసి, చీటీ మీద పేరు రాసి డబ్బాలో వేస్తాను. తాడు దగ్గరే కాస్త మాట్లాడాల్సొస్తుంది. పడుకున్నప్పుడు దేనికైనా తగులుకుంటే మెడకి బిగుస్తుందండీ, తాయెత్తుని మొలతాడుకి కట్టండి అంటే పెద్దవాళ్ళు చాలామంది ఒప్పుకుంటారు.

పట్టీల మువ్వలు లెక్కపెట్టి రిజిస్టర్లో రాయడం పోయినేడాది నుంచి అలవాటు. పదహారు నెలల పాప పేరు పక్కన ఇవాళా రాశాను: ఎడమ 7, కుడి 7. మళ్ళీ పదింటికి ఒకసారి చూడాలి. చూడలేదు. ఒకడు పక్కవాడి భుజం కొరికాడు, ఇంకొకరికి విరేచనం, ఎవరి తాతగారో కొడుకు ఫోన్ ఎత్తడం లేదని గేటు దగ్గర నిలబడ్డారు. పది కాస్తా పదకొండున్నరైంది.

డైపర్ మారుస్తూ పాప కాలు పట్టుకున్నాను. ఎడమ ఏడు. కుడి ఆరు. ఏడో మువ్వ ఉండాల్సిన చోట నోరు తెరుచుకున్న చిన్న వెండి కొక్కెం. మళ్ళీ లెక్కపెట్టాను. ఆరే.

బొమ్మల అలమరలో టాయిలెట్ పేపర్ చుట్టుకొచ్చే అట్ట గొట్టం ఒకటి పెట్టుకున్నాను. అందులోంచి జారిపోయే వస్తువేదీ మూడేళ్ళ లోపు పిల్లల గదిలో ఉండకూడదని మా నియమం. కొత్త బొమ్మ ఏది వచ్చినా ముందు దాంతో చూస్తాం. మువ్వలు ఆ గొట్టంలోంచి ఒకేసారి గుప్పెడు జారిపోతాయి. అయినా పట్టీలతో పిల్లని రోజూ లోపలికి రానిచ్చింది నేనే. లెక్కపెడుతున్నాను కదా, చాలులే అనుకున్నాను.

పిల్లలందర్నీ మంచాల గదిలోకి చేర్చి తలలు లెక్కపెట్టాం. పదకొండు. ఆయా ఒక్కొక్కరి నోరూ చూస్తోంది. నేను బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించి, ఫోన్ టార్చితో మ్యాట్ మీద వెతుకుతున్నాను. ఆ ఎత్తు నుంచి చూస్తే గది వేరేగా ఉంది. చెప్పుల స్టాండు కింద ఎండిన అన్నం మెతుకులు, సోఫా కింద పెన్ను మూత. పాకే పిల్లలకి రోజూ కనిపించేవి ఇవే.

"మేడం, ఈ పిల్లగాడు నోరు తెరుస్తలేడు. నోట్ల ఏమో ఉన్నది."

పదకొండు నెలల వాడు. పెదాలు బిగించి చొంగ కారుస్తున్నాడు. పరుగెత్తాను. వేలు పెట్టి తడమొద్దని ఆయాకి ఎన్నోసార్లు చెప్పాను, ఇవాళ ఆ మాట నాకు నేను చెప్పుకోవలసి వచ్చింది. కంటికి కనిపిస్తేనే తీయాలి. కనబడనిదాన్ని తడిమితే ఇంకా లోపలికి పోతుంది. గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వాలి. దగ్గూ ఏడుపూ రెండూ రాకపోతే, ఏడాది నిండని బిడ్డనైతే ముంజేతి మీద తల కిందికుండేలా బోర్లా పడుకోబెట్టి, అరచేతి కింది భాగంతో వీపు మీద 5 సార్లు చరవాలి, వెల్లకిలా తిప్పి రొమ్ము మీద 5 సార్లు నొక్కాలి. ఈలోపు ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

ఆ 'ఇంకొకరు' దగ్గరే నా ఆలోచన ఆగిపోయింది. ఉన్నది ఇద్దరం. ఒకరి చేతిలో బిడ్డ, ఒకరి చేతిలో ఫోన్. మిగతా పదిమందీ ఎవరి చేతుల్లో?

గడ్డం కింద మెల్లగా నిమిరితే నోరు తెరిచాడు. నానిపోయిన బిస్కెట్టు ముక్క.

మువ్వ తర్వాత దొరికింది. కిటికీ పక్కన, రెండు మ్యాట్ ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకునే సందులో ఇరుక్కుని ఉంది. పొద్దుటి నుంచీ వాడు కూర్చుని ఆడుకున్నది సరిగ్గా అక్కడే, జానెడు దూరంలో. దొరక్కపోయుంటే పదకొండు ఇళ్ళకీ ఫోన్ చేసి, అందర్నీ ఎక్స్‌రేకి పంపించేదాన్ని. పప్పన్నం చల్లారిపోయింది. వేడి చేసి పెట్టేసరికి సగంమంది నిద్రలో తూగుతున్నారు.

2018లో కేంద్రం ఇచ్చిన క్రెష్ మార్గదర్శకాల్లో, మూడేళ్ళ లోపు పిల్లలు పదిమందికి శిక్షణ ఉన్న మనిషి ఒకరు, తోడు ఒక సహాయకురాలు ఉండాలని ఉంది. కాగితం మీద ఇవాళ మా లెక్క పెద్దగా తప్పలేదు. కానీ ఆ గదిలో నేనున్నాను, ఆ లెక్క చాలదని నాకు తెలుసు. ఇకమీద ఒక ఆయా రాకపోతే ఎనిమిదిమందికి మించి తీసుకోను. ముందురోజు రాత్రే ఫోన్లు చేసి చెప్తాను. ఆఫీసులో సెలవు దొరకని తల్లికి ఆ ఫోన్ ఎంత కష్టమో తెలిసే రాస్తున్నాను.

సాయంత్రం పాప నాయనమ్మ వచ్చారు. తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలుగా కొడుకు దగ్గరే ఉంటున్నారు. కాగితంలో మడిచిన మువ్వ చేతిలో పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను, నేను పదింటికి చూడలేదన్న సంగతితో సహా. రేపటి నుంచి పట్టీలు వద్దండీ అన్నాను.

"మువ్వలు తీసేస్తే ఎట్టా అమ్మాయ్? నేను వంటింట్లో ఉంటే అది హాల్లో తిరుగుద్ది. ఆ చప్పుడు వింటానే కూర తిప్పుకుంటా. చప్పుడాగిందంటే గుండె ఆగినట్టే, లగెత్తుకెళ్తా. బాత్రూంలో బకెట్లో నీళ్ళుంటయ్ గదా."

ఏం చెప్పను? ఆవిడ చెప్పింది నిజం. బకెట్ అడుగున జానెడు నీళ్ళున్నా తలకిందులైన బిడ్డ లేవలేదు. ఆ ఇంట్లో ఈ మువ్వలే కాపలా. ఒక బిడ్డ, ఒక చెవి. ఇక్కడ పదకొండుమంది గోలలో ఆ చప్పుడు ఎవరికి వినబడుతుంది పిన్నిగారూ, ఊడిపడితే అందే చేతులు మాత్రం పదకొండు జతలు అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. కాగితం విప్పి మువ్వని చూశారు. తర్వాత మెట్టు మీద కూర్చుని, పాప కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, రెండు పట్టీలూ ఆవిడే విప్పి కొంగున ముడేసుకున్నారు.

"ఇంటికెళ్ళినాక ఏస్తాలే. పొద్దున తీసి పంపిస్తా."

వాన కాస్త తెరిపిచ్చింది. పాప వేలు పట్టుకోనని మారాం చేసి, నాయనమ్మ వెనకాలే చిన్న చిన్న అడుగులేసుకుంటూ గేటు దాకా నడిచింది. అలికిడే లేదు. ఆవిడ రెండడుగులు వేయడం, వెనక్కి తిరిగి చూడటం. మళ్ళీ రెండడుగులు, మళ్ళీ చూడటం. గేటు దాటాక ఆగి, పాపని చంకనెత్తుకున్నారు.