పీడకలకి ముగింపు మార్చి రాశాను

గదిలోకి నీళ్ళు వస్తుంటాయి, తలుపు గడియ ఎంత లాగినా రాదు, నీళ్ళు గొంతు దాకా వచ్చేసరికి ఉలిక్కిపడి లేస్తాను. ఒళ్ళంతా చెమట. టైమ్ చూస్తే మూడున్నరో నాలుగో. వారానికి మూడుసార్లు ఇదే కల, దాదాపు ఏడాది పాటు. కలే కదా అని అందరూ అన్నారు, నేనూ అదే అనుకున్నా. చివరికి పడుకోవాలంటేనే భయమేసి ఒంటిగంట దాకా ఫోన్ పట్టుకుని కూర్చోవడం, పగలు పని దగ్గర తూలడం మొదలయ్యాక డాక్టర్ దగ్గరికి వెళ్ళా.

ఇది నిద్ర జబ్బేనట. పెద్దవాళ్ళలో నూటికి నలుగురికి ఉంటుందని అంచనా. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్ర రాత్రి రెండో సగంలో ఎక్కువ కాబట్టే నాకు తెల్లవారుజామున వచ్చేది. పడుకున్న గంటకో రెండు గంటలకో కేకపెట్టి లేచి, పొద్దున్నే ఏమీ గుర్తులేకపోతే అది వేరు, నైట్ టెర్రర్ అంటారు. ముందు ఏ మందులు వాడుతున్నానో అడిగారు, ఎందుకంటే ప్రొప్రనలాల్ లాంటి బీటా బ్లాకర్లు (బీపీకి, గుండెకి వాడే మందులు), కొన్ని డిప్రెషన్ మందులు పీడకలలు తెప్పిస్తాయి. గురక సంగతీ అడిగారు. స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, ఉంటే దానికి వైద్యం చేస్తే కలలూ తగ్గొచ్చు.

నాకు చెప్పింది మాత్రం ఇమేజరీ రిహార్సల్ థెరపీ. మెలకువగా ఉన్నప్పుడే కలని కాగితం మీద రాసి, మనకి నచ్చినట్టు మార్చి, ఆ కొత్త కథని రోజూ పది ఇరవై నిమిషాలు మనసులో చూసుకోవాలి. చిన్నపిల్లల ఆటలా ఉందే అని నవ్వొచ్చింది. కానీ 2001లో బారీ క్రాకో అనే డాక్టర్ బృందం లైంగిక దాడికి గురైన మహిళలతో చేసిన ట్రయల్‌లో పీడకలలు బాగా తగ్గాయి, 2018లో అమెరికా నిద్ర వైద్య నిపుణుల సంఘం సిఫార్సు చేసింది కూడా దీన్నే. ప్రాజోసిన్ అనే బీపీ మందు కూడా ఇస్తుంటారు గానీ, 2018లో మాజీ సైనికుల మీద జరిగిన పెద్ద ట్రయల్‌లో అది ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గా పనిచేయలేదు.

నా కొత్త కథలో నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోతాయి, గోరువెచ్చగా ఉంటాయి, నేను మంచం అంచున కూర్చుని కాళ్ళాడిస్తుంటా. అంతే. గడియ జోలికే పోను. మీ కల వెనక నిజంగా జరిగిన ఘోరం ఉంటే మాత్రం ఒంటరిగా, అదీ ఆ కలతోనే మొదలుపెట్టకండి. థెరపిస్ట్ సాయంతో చిన్న కల నుంచి మొదలుపెట్టడం మంచిది.

నాలుగో వారంలో కల వచ్చింది, నీళ్ళూ వచ్చాయి, తలుపు వైపు మాత్రం నేను వెళ్ళలేదు. పోయిన నెల ఇంకోసారి వచ్చింది. టైమ్ చూస్తే నాలుగు కూడా కాలేదు, అటు తిరిగి పడుకున్నా.