జామాయిల్ తోటకు నిజంగా ఎన్ని క్రెడిట్లు?

చెట్లు పట్టి ఉంచిన కార్బన్ డయాక్సైడ్‌కు టన్నుకొకటి చొప్పున లెక్కగట్టి అమ్ముకునే కార్బన్ క్రెడిట్లు ఇప్పిస్తామంటూ ఎవరైనా తోటకొస్తే ముందు అడగాల్సింది టన్ను ధర కాదు, టన్నులు ఎలా లెక్కేస్తారన్నది. కోత కోసే తోటకి ఆ లెక్క వేరు.

ఎకరం క్లోనల్ జామాయిల్ నాలుగో ఏట 40 టన్నుల పచ్చి కర్ర ఇచ్చిందనుకుందాం. అందులో దాదాపు సగం నీరే. ఎండు కర్ర 20 టన్నులు. కొమ్మా ఆకూ ఐదో వంతు కలిపితే 24, వేళ్లకు ఇంకో పావు వంతు కలిపితే 30. ఎండు బరువులో కార్బన్ 0.47 వంతు, అంటే 14.1 టన్నులు. కార్బన్‌ను కార్బన్ డయాక్సైడ్ బరువులోకి మార్చడానికి దాన్ని 44/12తో గుణిస్తే సుమారు 52 టన్నుల కార్బన్ డయాక్సైడ్. టన్నుకొక క్రెడిట్ కాబట్టి 52 క్రెడిట్లు! మాటకారి ఏజెంటు ఇక్కడే ఆగిపోతాడు.

కోసిన రోజున ఆ నిల్వ లారీ ఎక్కి కాగితం మిల్లుకు పోతుంది. అందుకే క్రెడిట్లు జారీ చేసే అంతర్జాతీయ సంస్థ వెర్రా ప్రమాణంలో ఇలాంటి తోటలకు గరిష్ఠ నిల్వను చూడరు, దీర్ఘకాలపు సగటు నిల్వ దాకానే క్రెడిట్లిస్తారు. సున్నా నుంచి 52కి పెరిగి మళ్లీ కిందికి పడే తోట సగటు ఇంచుమించు 26. మొదట్లో ఎదుగుదల నెమ్మది కాబట్టి కొంత తగ్గుతుంది, మోడూ వేళ్లూ బతికుంటాయి కాబట్టి కొంత కలుస్తుంది. నిప్పు, తుఫాను వంటి నష్టాల కోసం బఫర్ కింద 20 శాతం పట్టుకున్నారంటే మిగిలేవి 21. అదీ ఒక్కసారికే. పిలకల మీద రెండో కోత, మూడో కోత తీసినా సగటు పెరగదు, కొత్త క్రెడిట్లు రావు. 40 ఏళ్ల ఒప్పందానికి పంచితే ఎకరానికి ఏటా అర టన్ను.

అయిదెకరాల తోటుంటే ఏటా కొంత చొప్పున కోసినా ఎకరం సగటు మారదు, చేతికి డబ్బు మాత్రం ఏటా అందుతుంది. సగటు పెరగాలంటే చెట్టు ఎక్కువ కాలం నిలబడాలి. గట్ల మీద టేకు, దుంగకర్ర కోసం పెంచే మలబార్ వేప ఆ విషయంలో మెరుగు.

ఇంకో చిక్కు, క్రెడిట్లు లేకపోయినా ఈ తోట వేసేవారే కదా అన్న ప్రశ్న. ఎలాగూ వేసేవారే అయితే క్రెడిట్లు దక్కవు. మిల్లు చుట్టుపక్కల అందరూ సుబాబుల్ వేసే చోట దీనికి జవాబు చెప్పడం కష్టం. ఖమ్మం జిల్లాలో ఐటీసీ సామాజిక వనాల ప్రాజెక్టు 2009లో సీడీఎం (ఐక్యరాజ్యసమితి కార్బన్ క్రెడిట్ల పథకం) కింద నమోదైంది బాగా క్షీణించి, సారం పోయిన భూముల మీద. గత పదేళ్లలో సహజ అడవిని కొట్టిన నేలైతే వెర్రా ఒప్పుకోదు. జీడిమామిడి పీకి వేసిన తోటైతే ఆ పాత చెట్ల కార్బన్‌ను తీసేసి లెక్కిస్తారు.

కొలతల్లో పొరపాట్లు చిన్నవే, దెబ్బ పెద్దది. కాండం చుట్టుకొలత ఒకసారి 1.3 మీటర్ల ఎత్తున, మరోసారి 1.37 దగ్గర తీస్తే రెండు కొలతలకూ పొంతన ఉండదు. మొదటిసారే పెయింటు గీత పెట్టాలి. పిలకలైతే ఒక్కో కాండాన్నీ విడిగా కొలవాలి. గట్టు వరస చెట్లకు వెలుతురెక్కువ, లావుగా ఉంటాయి. కొలవడానికి ఎంచిన నమూనా గడులన్నీ అంచుల్లో పడితే టన్నులు ఉబ్బి, ఆడిట్‌లో కోసేస్తారు.

సంతకానికి ముందు పాస్‌బుక్కులో పేరు, సర్వే నంబరు, జీపీఎస్ హద్దు మూడూ కలవాలి. కౌలు భూమికి 40 ఏళ్ల మాట కౌలుదారు ఇవ్వలేడు. అదే పొలాన్ని ఇంకో సంస్థ అప్పటికే తన ప్రాజెక్టులో రాసుకుందేమో కనుక్కోవాలి. కర్ర రేటు పెరిగి గడువుకు ముందే నరికితే నష్టపరిహారం ఎవరిమీద పడుతుందన్నది ఒప్పందంలో ఎక్కడో వెనక పేజీలో ఉంటుంది.